లబ్ధిదారులు

“మీ పిల్లల్ని మీరు చూసుకోవడం ధర్మకార్యం ఎట్లా అవుతుందమ్మా?” అని అడిగాడు ఆఫీసరు.

వెటకారంగా అనలేదు. తనకు నిజంగానే అర్థం కావడం లేదన్నట్టు, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి మరీ అడిగాడు. కుర్చీ అంచున కూర్చున్న వెంకటేశ్వరమ్మ రెండు చేతులూ కొంగు కిందకి లాక్కుంది. ఆఫీసుకి వెళ్ళాలని పొద్దున్నే ఆముదం పట్టించి, సున్నిపిండితో రుద్దుకుని వచ్చింది. అయినా గోళ్ళ సందుల్లో మిరపకాయ ఎరుపు అలాగే ఉంది.

“మా పిల్లలొక్కళ్ళనే కాదయ్యా,” అంది. “ఎవరు తెచ్చి దించినా చూస్తాం. మొన్న దర్శి నుంచి కొత్తగా ఒకమ్మాయి పనికొచ్చింది. ఆ పిల్ల బిడ్డని కూడా పెట్టుకున్నాం.”

“ఆ అమ్మాయిని సంఘంలో చేర్చుకున్నారా?”

“చేర్చుకోకుండా ఎట్టా ఉంటామండి? అందర్నీ చేర్చుకుంటాం.”

ఆ మాట కాస్త గర్వంగానే అంది. పక్కనున్న ఆడిటరు ప్రద్యుమ్న తల వంచుకున్నాడు. సంఘం సెక్రటరీ నాగజ్యోతి ఆమె మోచేతిని మెల్లగా తాకింది. మంచిదనుకుని చెప్పింది ఇక్కడ చెడ్డదయిందని వెంకటేశ్వరమ్మకు అప్పుడు తోచింది.

“పిల్లకి రోజుకి రెండు రూపాయలు తీసుకుంటున్నారు కదా?”

“తీసుకుంటామండి. పని దొరకనిరోజు అడగం.”

“ఎందుకు తీసుకుంటున్నారు?”

“మేం ఇచ్చుకోకపోతే అది మాదెట్టా అయిద్దయ్యా?”

ఆఫీసరు రాయబోతున్నవాడల్లా ఆగి ఆమె వంక చూశాడు. చూపులో మర్యాద ఉంది. “నేను చెప్పేదీ అదేనమ్మా. అది మీది. సంఘం పెట్టింది మీరు, నడిపేది మీరు, మేలు పొందేది మీ బిడ్డలు. ఒకరికొకరు సాయపడుతున్నారు. చాలా మంచిపని, కాదనను. కానీ పన్ను మినహాయింపు ఇవ్వాలంటే అది పరాయివాళ్ళకి చేసే ధర్మం అయ్యుండాలి. మీ కమిటీలో ఉన్న పదకొండుమందీ తొడిమలు తీసే తల్లులే. నేను సంతకం పెడితే రేపు నా పైవాళ్ళు నన్నడుగుతారు.”

ఆయన కాగితాలు సర్ది ప్రద్యుమ్న వైపు తిప్పి, వచ్చే సోమవారానికి వాయిదా వేశాడు. “ఈలోపల ఏమన్నా మార్పులు చేసుకోగలరేమో చూడండి,” అన్నాడు. వాళ్ళు లేస్తుంటే తనూ సగం లేచాడు.

బయట కాంపౌండు గోడ పక్కన సోడాబండి ఉంది. ప్రద్యుమ్న ముగ్గురికీ నిమ్మసోడాలు చెప్పాడు. ముప్పై దాటని మనిషి. వాళ్ళ లెక్కలు రెండేళ్ళుగా పైసా తీసుకోకుండా రాస్తున్నాడు. గుంటూరులో పేరున్న కంటి డాక్టరు ఒకాయన పోతూ పోతూ పిల్లలకి శ్లాబు గది కట్టుకోమని వీళ్ళ సంఘం పేర డబ్బు రాసిపోయాడు. ఆ డబ్బు బ్యాంకులో వేశారు. వడ్డీ పడ్డప్పుడల్లా బ్యాంకువాళ్ళు పన్ను కోసి కడుతున్నారు. అది చాలదని, డాక్టరుగారిచ్చిన డబ్బు మీద కూడా పన్ను కట్టమని ఇప్పుడు నోటీసు వచ్చింది. సంఘాన్ని ధర్మసంస్థగా నమోదు చేస్తే నోటీసు పోతుంది, కోసిందీ తిరిగొస్తుంది. చేయకపోతే గదికి గోడలు లేస్తాయి గాని కప్పు పడదు.

“ఒక దారి ఉందండి వెంకటేశ్వరమ్మ గారూ,” అన్నాడు ప్రద్యుమ్న, సోడా తాగకుండా చేతిలోనే పట్టుకుని. “కమిటీలో మీరెవరూ లేకుండా, బయటివాళ్ళని పెట్టాలి. పేరున్నవాళ్ళని. రిటైరైన హెడ్మిస్ట్రెస్ సీతారత్నం గారని ఉన్నారు. నేను మాట్లాడాను. చాలా మంచావిడ. ఇంకో నలుగురిని ఆవిడే చూస్తారు.”

“మరి మేము?”

“మీరు లబ్ధిదారులుగా ఉంటారు.”

“అంటే?”

“అంటే... మేలు పొందేవాళ్ళు. రెండు రూపాయలు కూడా తీసుకోకూడదు. అంతా ఉచితం అని రాయాలి.” ఆమె ముఖం చూసి గబగబా అన్నాడు: “ఇదంతా కాగితం మీదేనండీ. పేర్లు మారతాయి. నడిపేది మీరేగా.”

వెంకటేశ్వరమ్మ సోడా ఒక్క గుక్కలో తాగేసి సీసా బండి మీద పెట్టింది. “ఆ ఆఫీసరు చెడ్డోడేం కాదు గదా బాబూ?” అని అడిగింది.

“కాదండి. ఆయన చెప్పింది చట్టంలో ఉన్నదే.”

“అదేలే,” అంది ఆమె. “చెడ్డోడయితే తిట్టుకునేదాన్ని.”

* * *

నల్లపాడు దాటాక రోడ్డుకి రెండువైపులా కోల్డ్ స్టోరేజీలే. వాటి ఆవరణల్లో తాటాకు పందిళ్ళ కింద వందలమంది ఆడవాళ్ళు బారులు తీరి మిరపకాయల తొడిమలు తీస్తుంటారు. ఒక కాలు చాపి, ఒక కాలు మడిచి, ముక్కుకి అడ్డంగా గుడ్డ కట్టుకుని, ముందున్న కుప్పలోంచి కాయ తీసుకోవడం, బొటనవేలి గోటితో తొడిమ గిల్లడం, కాయ తట్టలో వేయడం. పైనుంచి నీళ్ళు చల్లి మెత్తబరిచిన కాయ అయితే వేలికి అంటుకుంటుంది, ఎండు కాయ అయితే ముక్కుకి ఎక్కుతుంది. సాయంత్రం మేస్త్రీ దానయ్య కాటా వేసి ఎన్ని కిలోలయితే అంతకే కూలి ఇస్తాడు. చెయ్యి ఆగితే కూలి ఆగినట్టే.

పిల్లల షెడ్డు ఆ పందిళ్ళకి కూతవేటు దూరంలో ఉంది. ఎప్పుడో ఎరువుల బస్తాలు వేసుకునే రేకుల షెడ్డది. పొద్దున ఆరింటికల్లా తల్లులు ఆటోల్లోంచి దిగి పిల్లల్ని అక్కడ వదిలి పనిలోకి పోతారు. చూసేది ఎలీసమ్మ. ఆమె కూడా ఒకప్పుడు తొడిమలు తీసిందే. ఆ ఘాటుకి ఊపిరితిత్తులు పాడయి, దగ్గు పట్టుకుని మానేసింది. షెడ్డులోనైతే దగ్గు తక్కువని సంఘం ఆమెను పెట్టుకుంది.

మర్నాడు మధ్యాహ్నం వెంకటేశ్వరమ్మ షెడ్డుకొచ్చేసరికి ఎలీసమ్మ నిచ్చెనెక్కి తడిపిన గోనెలు రేకుల మీద పరుస్తోంది. రేకుకి తగలగానే గోనె నుంచి ఆవిరి లేస్తోంది. ఆ చివర పరిచేలోపల ఈ చివర ఆరిపోతోంది. లోపల ఇరవైమంది పైగా పిల్లలు చాపల మీద చొక్కాలు లేకుండా పడుకుని ఉన్నారు. ఏడ్చే పిల్లలు లేరు. ఏడవడానికి కూడా వాళ్ళకి ఓపిక లేదు.

పాలిచ్చే తల్లులు అప్పుడే పని ఆపి వచ్చారు. వాళ్ళ చేతులు చన్నుకి తగలకూడదు, బిడ్డకి తగలకూడదు. నీళ్ళతో ఎంత కడిగినా ఆ మంట పోదు. అందుకని వాళ్ళు గోడకానుకుని చేతులు వెనక్కి పెట్టుకుని కూర్చుంటారు. ఎలీసమ్మే ఒక్కొక్కళ్ళ జాకెట్టు సర్ది, బిడ్డను ఒడిలో పెట్టి, నోటికి అందించి, కొంగు కప్పుతుంది. తల్లి చేతులు కదపదు. బిడ్డ జారుతుంటే ఎలీసమ్మే మోకాలు అడ్డం పెడుతుంది.

సైదాబీ ఒడిలో ఆమె కొడుకు పాలు తాగడం లేదు. ఆరునెలల వాడు. ముఖం తిప్పేస్తున్నాడు.

“పొద్దుట్నించి ఇంతేనే,” అంది ఎలీసమ్మ. “ఒళ్ళు కాలిపోతంది.”

సైదాబీ వాణ్ణి చూసింది. చేతులు ముందుకి వచ్చి, గాల్లోనే ఆగిపోయాయి. తాకకూడదని గుర్తొచ్చింది. అంతలో వాడు కళ్ళు తేలేశాడు.

వెంకటేశ్వరమ్మ వాణ్ణి లాక్కుని భుజాన వేసుకుని రోడ్డు మీదకి పరిగెత్తింది. ఆ రోజు షెడ్డుకొచ్చేముందు ఆమె చేతులకి నూనె రాసుకుంది, అదొక్కటే అదృష్టం. మిరపకాయ బస్తాలు దించి వెనక్కి పోతున్న ట్రాలీ ఆటో ఆపి తనూ సైదాబీ ఎక్కారు. వడదెబ్బ అన్నారు ఆసుపత్రిలో. సాయంత్రానికి సెలైను ఎక్కాక వాడు ఏడ్చాడు. ఆ ఏడుపు విని సైదాబీ వరండాలో నేల మీద కూలబడి, మంట పుట్టే ఆ చేతుల్తోనే కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత చాలాసేపు కళ్ళు తెరవలేకపోయింది. వెంకటేశ్వరమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి ఆమె కళ్ళు కడుగుతూనే ఉంది.

ఆ కడగడంలోనే ఆమె మనసు ఒక నిర్ణయానికి వచ్చింది. వానలు ముదిరేలోపల శ్లాబు పడాలి. ఎవరి పేరు మీద పడితేనేం?

* * *

గురువారం పని దిగాక సంఘం కూర్చుంది. పందిరి కిందే, తొడిమల కుప్పల పక్కన. నాగజ్యోతి ఆఫీసులో జరిగిందంతా చెప్పింది.

“లబ్ధిదారులంటే ఏందక్కా?” అంది సైదాబీ. “పింఛనీకి లైన్లో నిలబడేవోళ్ళని అంటారే, అదేనా?”

కొందరు నవ్వారు. వెంకటేశ్వరమ్మ నవ్వలేదు.

“పేరు ఏదైతేనేంలే. రేపు పైన శ్లాబు ఉండిద్ది, కింద బండలు ఉంటాయి, ఫ్యాన్లుంటాయి. నీ కొడుక్కే గదంటే మొన్న ప్రాణం మీదకొచ్చింది!”

“నా కొడుక్కే. అందుకే అడుగుతన్నా. ఆ టీచరమ్మ మంచిదే అనుకో. ఆమె తర్వాత వచ్చేవోళ్ళు? ఇయ్యాల ఎలీసమ్మ ఒక పూట ఆలస్యంగా వస్తే నేను గట్టిగా అరుస్తా. పిల్లోడికి జావ సరిగా పెట్టలేదని నిన్నయినా నిలేస్తా. రేపు ఎవరి మీద అరవాలి? పరాయోళ్ళు దయతలిచి చూస్తంటే నోరెత్తేది ఎట్టా?”

“కాగితం మీదే అంటున్నాడు ఆడిటరు బాబు.”

“మనకి కాగితం అంటే అంత లోకువయితే, మరి వాళ్ళు ఆ కాగితం కోసమే ఎందుకు పట్టుబడుతున్నారక్కా?”

జవాబు దొరకనప్పుడు మనిషికి గొంతు పెరుగుతుంది. వెంకటేశ్వరమ్మకీ పెరిగింది. “అయితే కట్టేద్దాం పన్ను! గోడలు కట్టి పైన ఆకాశం చూపిద్దాం పిల్లలకి! ఏరి, అట్టా కావాలన్నోళ్ళు చేతులెత్తండి!”

చేతులెవరూ ఎత్తలేదు. సైదాబీ కూడా ఎత్తలేదు. బిడ్డ ముఖం వంక చూస్తూ, “నీ ఇష్టం అక్కా. నువ్వే మా ప్రెసిడెంటువి,” అంది.

నాగజ్యోతి రాజీనామాలు ముందే రాసి తెచ్చింది. సంతకం వచ్చినవాళ్ళు సంతకాలు పెట్టారు, రానివాళ్ళు వేలిముద్రలు వేశారు. వెంకటేశ్వరమ్మ అందరికంటే చివర పెట్టింది. సంఘం పెట్టినప్పుడు నాగజ్యోతి దగ్గర కూర్చుని నేర్చుకున్న సంతకం అది. పేరు పొడుగుది కావడంతో ఎప్పుడూ చివరి అక్షరాలు గీత దాటిపోయేవి. ఆ రోజు మాత్రం కుదురుగా వచ్చింది.

* * *

సోమవారం ఆఫీసరు గదిలో కుర్చీలు మూడే ఉన్నాయి. ఒకదాంట్లో సీతారత్నం గారు కూర్చున్నారు. ఇస్త్రీ మడత చెదరని నేత చీర, నెరిసిన ముడి, నెమ్మదైన కంఠం. ఇంకోదాంట్లో ప్రద్యుమ్న. మూడోది వెంకటేశ్వరమ్మ వైపు జరిపాడు ప్రద్యుమ్న. ఆమె కూర్చోలేదు. క్రితం వారం ఇదే గదిలో ఎవరూ చెప్పకుండానే కూర్చుంది. ఈసారి ఎందుకో గోడ పక్కన నిలబడటమే సుఖంగా అనిపించింది.

“పనివాళ్ళ పిల్లలంటే నాకు చాలా అభిమానం అండీ,” అన్నారు సీతారత్నం గారు ఆఫీసరుతో. “ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పాను. ఇక మిగిలిన ఓపిక ఇలాంటివాళ్ళకి ఉపయోగపడితే అంతే చాలు.” ఆ మాటలో కల్తీ లేదు. చెబుతూ చెబుతూ వెనక్కి తిరిగి వెంకటేశ్వరమ్మని చూసి చిరునవ్వు నవ్వారు.

ఆఫీసరు కొత్త కమిటీ పేర్లు చదివాడు. ఒక లెక్చరరు, ఒక డాక్టరు భార్య, ఒక మిర్చి వ్యాపారి, ఒక వకీలు. ఉచితం అన్న మాట కింద గీత గీశాడు. పాత సభ్యులెవరూ లేరు కదా అని మరోసారి చూసుకున్నాడు.

“ఇప్పుడు సరిగ్గా ఉంది,” అన్నాడు. “ఆర్డరు పోస్టులో వస్తుంది. పాత ఏడాదులకి కూడా వర్తింపజేస్తాను. కోసిన పన్ను వాపసుకి అర్జీ పెట్టుకోండి.”

ప్రద్యుమ్న ముఖం వెలిగింది. మెట్లు దిగుతూ, “సాధించామండీ!” అన్నాడు. వెంకటేశ్వరమ్మ కూడా నవ్వింది. నిజంగానే ఆమెకు సంతోషం వేసింది. పిల్లల మీద చల్లటి నీడ కళ్ళకి కట్టినట్టు కనపడింది. సీతారత్నం గారి కారు కదులుతుంటే దణ్ణం పెట్టింది. చేతులు దించాక గానీ, ఎవరికీ అలా దణ్ణం పెట్టే అలవాటు తనకి లేదన్న సంగతి తోచలేదు.

* * *

పాత రేకుల షెడ్డు పీకేసిన చోట జూలైలో శ్లాబు పడింది. డబ్బు తిరిగొచ్చాక బండలు పరిచారు, గోడలకి ఏనుగుల బొమ్మలు, జిరాఫీల బొమ్మలు వేయించారు. దీపావళి ముందు ప్రారంభోత్సవం చేశారు. తల్లుల్ని చాపల మీద కూర్చోబెట్టి, ఒక్కొక్కళ్ళనీ పిలిచి స్టీలు గిన్నె ఇచ్చారు. వెంకటేశ్వరమ్మ పేరు ఇంగ్లీషు అక్షరక్రమంలో చివరికి వచ్చింది. ఫోటో తీసే కుర్రాడు “పెద్దమ్మా, ఇటు చూడు” అంటే చూసింది.

ఫిబ్రవరిలో మళ్ళీ మిరపకాయ వచ్చింది. సత్తెనపల్లి వైపు నుంచీ ఇటు దర్శి వైపు నుంచీ లారీలు బారులు కట్టాయి. పందిళ్ళు లేచాయి. తల్లులు పొద్దున ఆరింటికి ఆటోలు దిగి కొత్త గదికి వెళ్తే గేటుకి తాళం ఉంది.

తొమ్మిదింటికి తీస్తారట. శిక్షణ పొందిన ఆయాలిద్దరిని పెట్టారు. ఊళ్ళోంచి రావాలి కదా, తొమ్మిది అవుతుంది. సాయంత్రం అయిదింటికి మూసేస్తారు. ఎలీసమ్మకి సర్టిఫికెట్టు లేదు, పైగా దగ్గు. పిల్లల ఆరోగ్యం చూడాలి కదా అని ఆమెను వద్దన్నారు. ఏడాది నిండని పిల్లల్ని తీసుకోరు, ఏమన్నా అయితే బాధ్యత ఎవరిది అన్నారు. తెల్లకార్డు నకలు ఇస్తేనే చేర్చుకుంటారు. ఒక్కొక్కటీ విడిగా చూస్తే తప్పుపట్టేందుకు ఏమీ లేదు.

సైదాబీ మూడు రోజులు తొమ్మిదింటికి పని ఆపి, చేతులకి నూనె పట్టించి కడుక్కుని, కొడుకుని ఎత్తుకెళ్ళి దించి వచ్చింది. నాలుగోరోజు దానయ్య కాయలు తడపమంటే లేచేసరికి పది దాటింది. గేటు దగ్గర ఆయా ఆపింది.

“ఫ్రీగా చూస్తున్నాం గదా, టయానికి తీసుకురాలేవా?” అంది.

సైదాబీ పందిట్లోకి తిరిగొచ్చి కొడుకుని గోనె మీద దించి కుప్ప ముందు కూర్చుంది. ఆయా అన్న మాట వెంకటేశ్వరమ్మకు చెప్పింది. ఫిర్యాదులా చెప్పలేదు, ఎండ ఎక్కువగా ఉందని చెప్పినట్టు చెప్పింది. ముక్కు గుడ్డ బిగించుకుని పనిలో పడింది. వాడు తుమ్ముతూ తుమ్ముతూ ఆమె వీపు మీదకి ఎగబాకుతుంటే మోచేత్తో పక్కకి నెట్టసాగింది.

ఆ సాయంత్రం వెంకటేశ్వరమ్మ సీతారత్నం గారింటికి వెళ్ళింది. ఆవిడ ఎంతో ఆదరంగా లోపలికి పిలిచి మంచినీళ్ళు తెప్పించారు. ఆమె చెప్పిందంతా విన్నారు.

“నువ్వు చెప్పింది న్యాయమే వెంకటేశ్వరమ్మా. కానీ పొద్దున ఆరింటికి ఎవరొస్తారు చెప్పు? కమిటీలో పెడతాను. వచ్చే సమావేశం ఉగాది అయ్యాక.”

“ఉగాదికి కాయ సగం అయిపోయిద్దండి. తాళంచెవి మాకిస్తే ఎలీసమ్మ తీసుకుంటది. తొమ్మిదిదాకా మేమే చూసుకుంటాం.”

సీతారత్నం గారు నొచ్చుకుంటూనే అన్నారు: “వీల్లేదమ్మా. మీ చేతికి ఇచ్చామని తెలిస్తే మళ్ళీ మొదటికొస్తుంది. మినహాయింపు పోతుందని ప్రద్యుమ్న ముందే చెప్పాడు. ఇంత కష్టపడి తెచ్చుకున్నాం కదా.”

తెచ్చుకున్నాం అన్న మాట దగ్గర వెంకటేశ్వరమ్మ తలెత్తి చూసింది. ఆవిడ కళ్ళల్లో నిజమైన బాధే ఉంది. ఆ బాధను చూశాక అడగడానికి ఇంకేం మిగల్లేదు. “వస్తానండీ,” అని లేచింది. మంచినీళ్ళ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక వంటింటి గడప దాకా తీసుకెళ్ళి కింద పెట్టింది.

* * *

మర్నాడు సైదాబీ ఆటో దిగేసరికి ఆమె వెనకాలే కూతురు ఖుర్షిదా దిగింది. ఎనిమిదేళ్ళ పిల్ల, మూడో తరగతి. బడి గౌను మీదే ఉంది, చంకలో తమ్ముడు ఉన్నాడు. వాడి బరువుకి ఒక పక్కకి ఒరిగిపోయి నడుస్తోంది.

“బడికి పోలేదా ఏందే?” అంది వెంకటేశ్వరమ్మ.

“వీణ్ణి చూసుకోవాలంట పెద్దమ్మా,” అంది ఖుర్షిదా. ఆ పిల్లకి అందులో పెద్ద విచారమేమీ లేదు. లారీల వంకా, ఎర్రటి కుప్పల వంకా కుతూహలంగా చూస్తోంది. ఒక్క సైదాబీ మాత్రం ఎటూ చూడకుండా తన చోటుకి పోయి కూర్చుంది.

ఇంకో ఇద్దరు ముగ్గురు తల్లుల వెనక కూడా అలాంటి పిల్లలే ఉన్నారు.

వెంకటేశ్వరమ్మ తన కుప్ప ముందు కూర్చుంది. పది కాయలు తీసింది. లేచి చేతులకి నూనె పట్టించి కడుక్కుంది. ఖుర్షిదా చంకలోంచి చంటివాణ్ణి తీసుకుని, “మిగతా పిల్లల్నీ పిలుచుకుని బడికి పో. నల్లపాడు దాకా ఈ ఆటోవాడే ఎక్కించుకుంటాడు, పో,” అంది. తర్వాత పందిరి చివర, గాలి అటు నుంచి ఇటు వీచేచోట, రెండు గుంజలకి పాతచీర కట్టి ఊయల వేసింది. కింద గోనెలు పరిచింది. ఒక్కొక్కళ్ళ దగ్గరికీ పోయి పిల్లల్ని ఏరుకొచ్చింది. ఇళ్ళ దగ్గరే వదిలొచ్చినవాళ్ళు పోగా మొత్తం ఏడుగురు తేలారు. ఎవరూ ఏమీ అడగలేదు. కొత్త గది తొమ్మిదింటికి తీశారు, అటువైపు ఎవరూ పోలేదు.

రోజంతా ఆమె పిల్లల దగ్గరే ఉంది. పాలిచ్చే తల్లులు వచ్చి గోనెల మీద కూర్చుని చేతులు వెనక్కి పెట్టుకుంటే బిడ్డల్ని అందించింది. ఎలీసమ్మ కాయ వచ్చినప్పటి నుంచీ మళ్ళీ తొడిమల్లో కూర్చుంటోంది. ఆమె దగ్గు పందిరి ఆ చివర నుంచి ఈ చివరకి వినపడుతూనే ఉంది. మధ్యాహ్నానికి వెంకటేశ్వరమ్మకు లోపల దిగులు మొదలైంది. ఈ రోజు కూలి పోయింది. రేపూ పోతుంది. ఎన్నాళ్ళు? ఊయల ఊపుతూ తన కుప్ప వైపు చూసింది. పొద్దున ఎంత ఉందో అంతే ఉంది. తట్టలో అడుగు కనపడుతోంది.

పొద్దు వాలాక దానయ్య కాటా వేలాడదీశాడు. ఆడవాళ్ళు తట్టలు ఎత్తుకుని ఒకళ్ళ వెనక ఒకళ్ళు లేచారు. కాటా దగ్గరికి పోవాలంటే వెంకటేశ్వరమ్మ తట్ట పక్కగానే పోవాలి. ముందు సైదాబీ వచ్చింది. ఆగి, తన తట్ట మోకాలి మీద ఆనించుకుని, రెండు దోసిళ్ళు తీసి ఆ ఖాళీ తట్టలో పోసింది. వెంకటేశ్వరమ్మ వంక చూడలేదు. వెనకాలే నాగజ్యోతి పోసింది. దర్శి అమ్మాయి పోసింది. ఎలీసమ్మ తట్టలో పావు కూడా లేదు. ఆమె కూడా ఒక దోసిలి పోసి, దగ్గుకుంటూ ముందుకి కదిలింది. పిల్లల్లేని వాళ్ళు కూడా కొందరు పోశారు.

చంటివాణ్ణి భుజాన వేసుకుని నిలబడ్డ వెంకటేశ్వరమ్మ, వద్దనడానికి నోరు తెరిచింది. అప్పటికే వాళ్ళు కాటా వైపు కదిలిపోయారు.

అందరి తరవాత ఆమె వంతు వచ్చింది. దానయ్య తట్ట ఎత్తి కొక్కేనికి తగిలించాడు. ముల్లు ఊగి ఊగి నిలబడింది. అతను ముల్లు వంక, ఆమె వంక మార్చి మార్చి చూశాడు.

“పొద్దుట్నించీ పిల్లల కాడే ఉన్నావు గదంటే! ఇంత కాయ ఎప్పుడు తీశావ్?”

కూలి తీసుకుని పోతున్న ఆడవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడే ఆగారు. వెంకటేశ్వరమ్మ తట్టలోకి చూసింది. కాయలన్నీ ఒక్కతీరుగా, తొడిమలు పోయి నున్నగా ఉన్నాయి. ఏది ఎవరి చేతిలోదో పోల్చుకోవడానికి లేదు.

“తీశాం,” అంది.